మా రిమోట్‌కి పడదండి

మానవజాతి చరిత్ర అంతా చీకటితో చేసిన యుద్ధమే. నిప్పు రాజేశారు, దివిటీలు పట్టారు, నూనె దీపాలూ లాంతర్లూ దాటుకుంటూ వచ్చి చివరికి ఒక గాజుబుడ్డిలో కరెంటును కూర్చోబెట్టారు. భాషలు వేరైనా, బట్టలు వేరైనా, తరతరాల మనుషులంతా ఒకే దిక్కుకి నడిచారు. ఆ మహా ఊరేగింపుకి ఎదురు నడిచిన మనిషి ఒక్కడే. ఆయన మా బాబాయి.

మా బాబాయి ఎవరింటికి వెళ్లినా ముందు దీపం ఆర్పేవాడు. కుశలప్రశ్నలు ఆ తర్వాత. గుమ్మంలో నిలబడి గదిని ఒకసారి కలియజూసి, స్విచ్‌బోర్డు ఏ మూల ఉందో పోల్చుకుని, నేరుగా అక్కడికి నడిచి, టక్కుమనిపించి, అప్పుడు వెనక్కి తిరిగి ఇంటివాళ్లకు వినయంగా నమస్కారం పెట్టేవాడు. ఆ నమస్కారం వాళ్లకు కనపడేది కాదు.

ఇది పిసినారితనమని తొందరపడి అనుకోవద్దు. పాతకాలపు గుండు బల్బుతో ఆయనకు ఏ పేచీ లేదు. తన ఇంట్లో అవి ధారాళంగా వెలిగించేవాడు. కరెంటు ఆఫీసువాళ్లకు ఆయనంటే గౌరవం కూడా. ఆయన పగంతా కరెంటు ఆదా చేసే కొత్త బల్బుల మీద. తెల్లగా, మెలికలు తిరిగి, నీళ్లు పిండిన చేతిరుమాలులా ఉంటాయే, వాటి మీద. పైగా మనిషి చదువురాని వాడేమీ కాదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతూ జుట్టు నెరిసినవాడు. కామా పక్కన దుమ్ము పడితే అది దుమ్మో కామానో చెప్పగల కళ్లు ఆయనవి. అలాంటి కళ్లున్న మనిషి వెలుతురు మీద కత్తి కట్టడమే ఈ చరిత్రలో విశేషం.

నిజానికి ఆ బల్బులను మా వీధిలోకి ఆహ్వానించిన మొదటి వ్యక్తి కూడా ఆయనే. అవి కొత్తగా వచ్చిన రోజుల్లో సంచీ నిండా తెచ్చి, ఇంట్లో ప్రతి హోల్డరుకీ ఒకటి బిగించి, భవిష్యత్తు గురించి మా అందరికీ ఉపన్యాసం ఇచ్చాడు. ఉపన్యాసం ఇంకా ముగియలేదు, టీవీ తనంతట తాను గొంతు పెంచడం మొదలుపెట్టింది. బాబాయి రిమోట్ నొక్కాడు. టీవీ పట్టించుకోలేదు. మళ్లీ నొక్కాడు. వార్తలు పోయి ఎవరో వ్యాయామం చేస్తూ కనిపించారు. రిమోట్‌ను అరచేతిలో కొట్టాడు, కిందకు వంచి నొక్కాడు, పైకెత్తి నొక్కాడు, చివరికి టీవీకి ఆనించి నొక్కాడు. వ్యాయామం చేసేవాళ్లు అలాగే చేస్తూ పోయారు.

మెకానిక్‌ని పిలిపిస్తే ఆయన పగటిపూట వచ్చాడు. పగలు టీవీ బుద్ధిమంతురాలు. ఏ లోపమూ లేదని చెప్పి వెళ్లాడు. సాయంత్రం దీపం వెలిగించగానే మళ్లీ తిరుగుబాటు. బాబాయి చాలాసేపు గదిలో అటూ ఇటూ నడిచి, టీవీని చూసి, బల్బును చూసి, మూలనున్న గొడుగు తెచ్చి విప్పి టీవీ మీద పట్టమని నాకు చెప్పాడు. పట్టాను. రిమోట్ నొక్కాడు. టీవీ మారుమాట లేకుండా నోరు మూసుకుంది.

"చూశావురా? రిమోట్ కంటికి కనపడని వెలుగుతో టీవీతో మాట్లాడుతుంది. ఈ బల్బు కూడా ఆ వెలుగులోనే ఏదో గొణుగుతూ ఉంటుంది. పక్కన ఒకడు ఆపకుండా గుయ్యిమంటుంటే అసలు మనిషి మాట వినపడుతుందా, నువ్వే చెప్పు."

విచారించాల్సిన విషయం ఏమిటంటే, ఆయన చెప్పింది నిజం. నేను వాకబు చేశాను. కొన్నిరకాల పొదుపు బల్బులు, ముఖ్యంగా వెలిగిన కొత్తలో, రిమోట్ల పనికి అడ్డం వస్తాయట. అంతవరకు ఆయన శాస్త్రవేత్తే. ఆ సాయంత్రమే పొదుపు బల్బులన్నీ ఊడదీసి పాత గుండు బల్బులు పెట్టేశాడు. గొడుగు దాని మూలకు అది వెళ్లింది. మామూలు మనిషైతే కథ అక్కడితో ముగిసేది.

బాబాయికి అక్కడే మొదలైంది. ఆ తర్వాత ఆయన తన ఇంటి రిమోట్‌ను చొక్కా జేబులో పెట్టుకుని ఊరి మీద పడ్డాడు.

ఎందుకు పెట్టుకున్నట్టు? అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు: "ఆ వెలుగు మా రిమోట్‌కి పడదండి." కొందరికి దుమ్ము పడనట్టు, కొందరికి చలి పడనట్టు, ఆయన రిమోట్‌కి పొదుపు బల్బు పడదు. రిమోట్‌ను ఇంట్లోనే వదిలి రావచ్చు కదా అంటే, ఒంటరిగా వదిలితే పాడవుతుందనేవాడు. మరి జేబులో ఉన్నదానికి వెలుగెలా తగులుతుందంటే, చొక్కా పలచనిదనేవాడు.

బట్టల షాపుకి పిన్నితో వెళ్లాడట. షాపాయన లైనింగ్ గుడ్డ పరిచి, ఉతికితే ఎంత కుదించుకుపోతుందో పిన్నికి వివరిస్తున్నాడు. టక్కుమని దీపం ఆరింది. గల్లాపెట్టె మీద బోర్లా పడి దొంగలు దొంగలని అరిచాడట ఆ పెద్దమనిషి. చీకట్లోంచి ప్రశాంతమైన గొంతు వినపడింది: "దొంగలు కాదండీ, మేమే. రిమోట్‌కి పడటం లేదు. మీరు చెప్పండి, ఎంత కుదించుకుపోతుందీ?"

ఫొటో స్టూడియోలో ఇంకా ఘోరం. ఇద్దరినీ కూర్చోబెట్టి, మెడ ఇటు తిప్పండమ్మా, గడ్డం దించండమ్మా అని ఫొటోగ్రాఫరు పిన్నికి సూచనలిస్తుంటే బాబాయి లేచి వెళ్లి మొత్తం దీపాలు ఆర్పి వచ్చి కూర్చున్నాడు. ఫొటో తీసేవాడికి దీపం ఎందుకని ఆయన వాదన. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ల గోడ మీద ఉంది. చుట్టూ కారు చీకటి; అందులో బాబాయి కళ్లజోడు, పిన్ని నవ్వు.

వీధిలో ఆయనకు 'కరెంటు కోత' అని పేరు పడిపోయింది. భార్యాభర్తలు సాయంత్రం అలా బయలుదేరితే చాలు, "కోత ఇటే వస్తోంది" అని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కబురు వెళ్లేది. ముందుచూపున్నవాళ్లు అగ్గిపెట్టె వెతికి పెట్టుకునేవాళ్లు.

మా పిన్ని సంగతి చెప్పాలి. పిన్ని ఇంటి దగ్గరే ఆడపిల్లలకు కటింగు, కుట్టు నేర్పేది. జుట్టు చెవుల మీదుగా నున్నగా దువ్వుకుని, సూది పెదాల మధ్య పెట్టుకుని, ఒక్క చూపుతో కొలత చెప్పగల మనిషి. మొగుడు ఇన్ని కొంపలు చీకటి చేస్తుంటే ఆవిడ ఏనాడూ ఒక్క మాట అనలేదు. చీకట్లో చిరునవ్వుతో కూర్చుని కబుర్లు చెప్పేది. ఆ సహనానికి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఇలాంటి మనిషితో ఎలా వేగుతున్నావమ్మా అని పెద్దవాళ్లు అడిగితే, "ఆయనకు అదో సరదా," అని నవ్వి ఊరుకునేది.

ఇంతవరకు అందరూ నవ్వుకున్నారు. నవ్వనివాడు మా బావ ఒక్కడే.

బావ అంటే మా అక్క మొగుడు. ఆయన వృత్తి దీపాలు అమర్చడం. షాపులకూ ఆఫీసులకూ ఎక్కడ ఏ వెలుగు పడాలో గీసి ఇచ్చి, మనుషులను పెట్టి బిగించి వచ్చేవాడు. అలాంటి ఇంటికి అలాంటి మామగారు దొరకడం విధి చేసిన ఏర్పాటు. ఒకరోజు ఒక పెద్ద షాపు యజమాని తన కొత్త షాపు పని ఇవ్వడానికి బావ ఇంటికి వచ్చాడు. వెలుతురులోనే గిరాకీ ఉంటుందని బావ ఆయనకు నచ్చజెబుతున్నాడు. చేతిలో వేడి టీ పెట్టాడు. ఆ క్షణంలో, పిన్నితో కలిసి, మా బాబాయి గుమ్మంలోకి వచ్చాడు.

టీ ఎక్కడ ఒలికిందో నేను వర్ణించను. ఆ యజమాని చాలాసేపు నిలబడే ఉన్నాడని మాత్రం చెబుతాను. షాపు పని ఇంకెవరికో వెళ్లింది.

బావ మాటకారి కాదు, కేకలు వేసే రకం అంతకన్నా కాదు. అక్కను పిలిచి ఒకే మాట చెప్పాడు. మీ బాబాయి గారంటే నాకు గౌరవం ఉంది. కానీ ఆయన చెయ్యి నా ఇంట్లో ఇంకొక్కసారి స్విచ్చు మీద పడితే, ఇక ఆయన మన గుమ్మం ఎక్కక్కర్లేదు.

ఈ మాట అక్కకు గుండెలో గుచ్చుకుంది. మా అమ్మ ఉద్యోగానికి వెళ్లే రోజుల్లో అక్కా నేనూ బడి నుంచి నేరుగా పిన్ని ఇంటికే చేరేవాళ్లం. అక్కకు సూదిలో దారం ఎక్కించడం దగ్గర నుంచి జాకెట్టుకు చేతులు అతికి కుట్టడం దాకా పిన్నే నేర్పింది. పిన్నికి పిల్లలు లేరు. సెలవురోజు వస్తే ఆవిడ తయారై కూర్చునేది అక్క ఇంటికి వెళ్లడానికే. కానీ బాబాయి లేకుండా ఎక్కడికీ కదలదు. కాబట్టి బాబాయికి ఆ గుమ్మం మూసుకుపోతే పిన్నికీ మూసుకుపోయినట్టే. ఈ లెక్క మాకందరికీ తెలుసు. బాబాయికి ఇంకా బాగా తెలుసు. టీ ఒలికిన నాటి నుంచి వాళ్లు అక్క ఇంటి వైపు వెళ్లడమే మానేశారు.

ఈలోగా బావ కొత్త ఇల్లు కట్టుకున్నాడు. సామాను సర్దుకోగానే మమ్మల్ని భోజనానికి పిలిచారు. బాబాయి వాళ్లను పిలవడానికి అక్క బావను ఎలా ఒప్పించిందో తెలియదు కానీ, షరతు మాత్రం బాబాయికి నా చేత చెప్పించారు. బాబాయి తల వంచుకుని విన్నాడు.

"ముట్టుకోను. ఆ అల్లుడు గారితో చెప్పు, స్విచ్చు వైపు కన్నెత్తి చూడనని. మీ పిన్ని బీరువాలోంచి మంచి చీర తీసి పెట్టుకుందిరా అప్పుడే."

కాపలాకు నన్ను నియమించారు. నా విధి ఆయన పక్కన కూర్చోవడం, లేస్తే పట్టుకోవడం.

కొత్త ఇంట్లో బల్బు అనేది ఎక్కడా కనపడదు. వెలుగు మాత్రమే కనపడుతుంది. కప్పు చుట్టూ కట్టిన అంచు వెనకాల, అలమరల నెత్తిన, మెట్ల కింద, ఎక్కడ పడితే అక్కడ పొదుపు బల్బులు దాక్కుని ఉన్నాయి. బావ మమ్మల్ని తిప్పి చూపించాడు. ఇది కూర్చునే వెలుగు, ఇది చదువుకునే వెలుగు, ఇది ఊరికే చూసుకునే వెలుగు. చివరగా గుమ్మం పక్కనున్న పెద్ద స్విచ్చు చూపించాడు. అది ఆయన సొంత ఆలోచన. ఇంట్లోంచి బయటికి వెళ్లేటప్పుడు గది గదికీ తిరగనక్కర్లేదు. అదొక్కటి నొక్కితే ఇల్లంతా ఒకేసారి నిద్రపోతుంది.

ఇది ఆయన మా బాబాయికి చెప్పాడు. ఇలాంటి స్విచ్చు ఒకటి ఈ లోకంలో ఉంటుందని బాబాయి కలలో కూడా అనుకుని ఉండడు. ఆకలితో ఉన్నవాడికి వంటిల్లు చూపించినట్టు అయింది. గుటక మింగి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

భోజనాల బల్ల దగ్గర ఒక కొసన అక్క, పిన్ని. ఇంకో కొసన బావ, బాబాయి. మధ్యలో నేను, బాబాయికి చెయ్యి అందేంత దూరంలో. బాబాయి ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. కుడి చేత్తో తింటున్నాడు కాబట్టి అది దాచడానికి వీల్లేకపోయింది. నుదుటి మీద చెమట. బావకు కూడా ఆయన అవస్థ చూస్తే కొంచెం ముచ్చటేసినట్టుంది. టీవీ రిమోట్ తీసి, ఇన్ని దీపాల కింద అది ఎంత చక్కగా పనిచేస్తుందో రెండు మూడు ఛానళ్లు మార్చి చూపించాడు.

"మీ రిమోట్ గట్టిది అల్లుడు గారూ," అన్నాడు బాబాయి. "మాది నాజూకు."

అప్పుడు అక్క కుర్చీ జరుపుకుని పిన్ని దగ్గరకు చేరింది. అక్క గొంతు మామూలుగానే చిన్నది. మనసులో మాట చెప్పాలంటే ఇంకా చిన్నదవుతుంది. మధ్యలో ఉన్నాను కాబట్టి నాకు ముక్కలు ముక్కలుగా వినపడుతోంది. ఈ ఇంటి ముందుగది ఖాళీగా ఉంచింది పిన్ని కోసమేనట. అందులో మిషన్లు వేసి కటింగ్ క్లాసు పెడదామట. నేర్పేది పిన్ని, చూసుకునేది తను. ఒప్పుకుంటుందో లేదోనన్న భయంతో అక్క పళ్లెంలోకి చూస్తూ చెబుతోంది.

పిన్ని చెయ్యి పైకెత్తి చెవి దగ్గర జుట్టు సర్దుకుంది. నవ్వింది. తల ఊపింది.

బాబాయి తినడం ఆపేశాడు.

"మీ అక్క ఏం చెబుతోందిరా?" అని మెల్లగా అడిగాడు.

"కుట్టు క్లాసు సంగతి. పిన్నిని రోజూ ఇక్కడికి రమ్మంటోంది."

"ముఖ్యమైన మాటేనా?"

"అక్కకు దీన్ని మించింది లేదు బాబాయ్."

ఆయన పళ్లెం వంక చూశాడు. కప్పు అంచు వైపు చూశాడు. బావ వంక చూశాడు. ఆ చూపులో శత్రుత్వం లేదు, సెలవు పుచ్చుకునే మనిషి చూపది. తర్వాత తొడ కింద నుంచి ఎడమ చెయ్యి తీశాడు. నేను చొక్కా అంచు పట్టుకున్నాను. చొక్కాతో పాటు నన్ను కూడా కొంత దూరం లాక్కెళ్లాడు. ఆ కాసేపట్లో ఆయన నడక చూడాలి. తల నిటారుగా, మెడ వంచకుండా, పెద్ద సభలో వేదిక ఎక్కేవాడిలా వెళ్లాడు.

టక్.

ఇల్లంతా ఒకేసారి నిద్రపోయింది. బావ చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"అమ్మాయీ," అని చీకట్లోంచి బాబాయి గొంతు. "మీ పిన్నికి ఇప్పుడు చెప్పావే, అది మళ్లీ మొదటి నుంచి చెప్పమ్మా."

అక్క తెల్లబోయి ఉంటుంది. చీకట్లో మాకు తెలియదు. కానీ చెప్పింది. చీకటి వల్లనో ఏమో ఈసారి తడబడకుండా చెప్పింది. ఇంకోపక్క బావ కుర్చీ తోసి లేచి స్విచ్చు వైపు బయలుదేరాడు. దారిలో తాను స్వయంగా ఎంచి కొన్న సోఫా తగిలింది. తర్వాత టీపాయి. చివరికి స్విచ్చు చేరాడు కానీ స్విచ్చుకీ ఆయనకీ మధ్య బాబాయి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. పక్కకు జరగండి మామయ్య గారూ అంటాడు బావ. ఒక్క నిమిషం అల్లుడు గారూ అంటాడు బాబాయి. ఆ పెనుగులాటలో జేబులోంచి రిమోట్ జారి నేల మీద పడి రెండు ముక్కలైన చప్పుడు.

"వస్తానమ్మా," అని పిన్ని గొంతు వినపడింది. "రోజూ వస్తాను. ఆ మిషన్లు మాత్రం నన్ను అడిగి కొనండి."

ఆ మాట వినగానే బాబాయి పక్కకు తప్పుకున్నాడు. దీపాలు వెలిగాయి. పొదుపు బల్బులు కదా, మొదట నీరసంగా కళ్లు తెరిచి, తర్వాత నెమ్మదిగా తెలివి తెచ్చుకున్నాయి. ఆ సన్నటి వెలుగులో నేల మీద రిమోట్ వెల్లకిలా పడి ఉంది. వెనక మూత ఊడి పక్కకు ఎగిరింది. నేను వంగి ఏరబోయాను. లోపలి అరలో ఉండాల్సిన పొడుగు బ్యాటరీలు లేవు. దూదిలో చుట్టిన, చొక్కా గుండీలకన్నా చిన్న బిళ్లలు దొర్లుతున్నాయి.

బాబాయి కంగారుగా నా చేతిలోంచి అవి లాక్కుని, రిమోట్‌లో కుక్కి, మూత పెట్టి, జేబులో వేసుకున్నాడు.

"మనం ఒక మాట అనుకున్నాం మామయ్య గారూ," అన్నాడు బావ.

"అనుకున్నాం అల్లుడు గారూ. తప్పు నాదే. నేను వెళతాను, మళ్లీ రాను. మీ అత్తయ్యను మాత్రం రానివ్వండి. రోజూ నేను వీధి చివరి దాకా దింపి పోతాను."

ఆయన బయట మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటుంటే నేను వెనకే వెళ్లాను. అప్పటికి నాకు సగం అర్థమైంది. ఆయన వంక చూస్తూ నిలబడితే మిగతా సగం ఆయనే చెప్పాడు. పిన్నికి చాలా రోజుల నుంచి వినికిడి తగ్గింది. జుట్టు కింద చెవి మిషను పెట్టుకుంటుంది. రిమోట్‌లో దాచినవి దాని అదనపు బ్యాటరీలే. మామూలుగా బాగానే వినపడుతుంది కానీ, పొదుపు బల్బు కింద కూర్చుంటే ఆ మిషనులో గుయ్యిమని రొద. మనుషుల మాటలన్నీ అందులో కొట్టుకుపోతాయి. టీవీ తిరగబడ్డ రోజునే ఇదీ బయటపడిందట.

అప్పుడు తట్టింది నాకు. బాబాయి పొదుపు బల్బు కింద కూర్చుని క్షవరం చేయించుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో. అచ్చాఫీసు నిండా అవే బల్బులు. పిన్ని పక్కన లేనిచోట ఆయన ఒక్క దీపం ఆర్పిన పాపాన పోలేదు.

"మరి చెవి మిషను సంగతి అందరికీ చెప్పేస్తే పోయేది కదా బాబాయ్. ఎంతమంది పెట్టుకోవడం లేదు."

"చెబితే ఏమవుతుందో తెలుసా? ఆ రోజు నుంచి అందరూ మీ పిన్నితో అరిచి మాట్లాడతారు. ఒక్కో మాటా విరిచి విరిచి, చేతులు తిప్పుతూ మాట్లాడతారు. ఆవిడకు అది ఇష్టం ఉండదు." చెప్పు పట్టీ బిగించుకున్నాడు. "నన్ను పిచ్చివాడంటే నాకేం పోయిందిరా. అచ్చాఫీసులో ఎప్పటి నుంచో అంటున్నారు."

ఇంతలో వెనక అలికిడి అయింది. బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. చేతిలో, రెండు వేళ్ల మధ్య, ఒక బిళ్ల బ్యాటరీ. సోఫా కిందకు దొర్లిందట.

"మా నాయనమ్మకు ఇలాంటివే కొని పంపేవాడిని," అన్నాడు.

బాబాయి జేబులో చెయ్యి పెట్టాడు. రిమోట్ తీసి, మూత తెరిచి పట్టుకున్నాడు. బావ ఆ బిళ్లను జాగ్రత్తగా దూదిలో పెట్టి, మూత బిగించి, రిమోట్‌ను తిరిగి బాబాయి జేబులో దోపాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"లోపలికి రండి మామయ్య గారూ. ఇందాక సరిగ్గా చూసుకోలేదు. ఈ దీపాలు మా రిమోట్‌కి కూడా పడటం లేదు."

ఆ తర్వాత జరిగింది దీపాల చరిత్రలో రాయదగ్గ విషయం. ఊళ్లో సగం షాపులకు వెలుగులు అమర్చిన మనిషి తన కొత్త ఇంటి ముందుగదిలో కప్పు అంచు ఊడదీయించి, మధ్యలో వైరు వేలాడదీసి, పాత గుండు బల్బులు పెట్టించాడు. వచ్చిన గిరాకీదార్లు ఇదేమిటండీ అంటే, రిమోట్‌కి పడదండి అని గంభీరంగా చెబుతాడు. ఆ గదిలో టీవీ లేదు. పిన్నిని మిగతా గదుల్లోకి తీసుకెళ్లినప్పుడు దీపం ఆర్పడానికి మామా అల్లుళ్లు పోటీ పడతారు. అక్క మోకాళ్లకు ఎప్పుడూ ఏదో ఒక దెబ్బ.

కటింగ్ క్లాసు మొదలయ్యాక ఒక సాయంత్రం వెళ్లాను. పిల్లలు వెళ్లిపోయారు. పిన్ని బల్ల మీద సుద్దగీతలు తుడుస్తోంది. నన్ను కూర్చోమని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అడిగింది.

"ఆ రోజు మెట్ల మీద మీ బాబాయి నీకు చెప్పేశారు కదూ?"

అబద్ధం ఆడటానికి నాకు సమయం చిక్కలేదు. పిన్ని నవ్వి, జుట్టు పక్కకు తీసి, చెవి వెనక నుంచి మిషను ఊడదీసి అరచేతిలో పెట్టి చూపించింది. దాని వీపున ఒక బుల్లి మీట ఉంది. ఒక వైపు పెడితే ఫోను బాగా వినపడుతుందట, కానీ ఆ బల్బుల కింద రొద వస్తుంది. రెండో వైపు జరిపితే రొద ఉండదు. మొదట్లో తెలియలేదట. తర్వాత మిషను శుభ్రం చేయించడానికి వెళ్లినప్పుడు షాపులో అమ్మాయి చూపించిందట.

"ఈ ముక్క బాబాయికి చెప్పలేదా పిన్నీ?"

"చెబుదామనే వచ్చాను. అప్పటికే ఆయన బట్టల షాపు, స్టూడియో అన్నీ పూర్తి చేసి ఉన్నారు. ఇప్పుడు చెబితే చిన్నబుచ్చుకోరూ?" అంది. "ఆ రోజు పొద్దున మీ అక్కతో ఫోనులో మాట్లాడి మీట ఆ వైపే వదిలేశాను. బల్ల దగ్గర మీ అక్క చెప్పడం మొదలుపెట్టగానే జరుపుకున్నాను. మొదటిసారి చెప్పింది కూడా విన్నానురా."

"మరి బాబాయి స్విచ్చు వైపు వెళుతుంటే ఆపొచ్చు కదా. ఇంటికి రానివ్వనన్నాడు బావ."

"ఆపుదామనే అనుకున్నాను." మిషను మళ్లీ చెవికి తగిలించుకుని, జుట్టు సర్దుకుంది. "కానీ ఆ నడక చూశావు కదా. నా కోసం ఒక మనిషి అలా నడిచి వెళుతుంటే ఆపబుద్ధి కాలేదు."

వీధిలో బాబాయి దగ్గు వినపడింది. ఆవిడను తీసుకెళ్లడానికి వచ్చాడు. పిన్ని తొందరగా సుద్ద, టేపు సర్దుకుని లేచింది.

ఆ మీటను జరపడానికి వేలిగోరు చాలు.